ఆరు కుక్కల డ్యూటీ

నాందేడ్ స్టేషన్లో దిగేసరికి పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. ఆగస్టు చివరి వారం. వాన పడుతూనే ఉంది. నా దగ్గర ఒక రైఫిలు, రెండు జతల ఖాకీ బట్టలు, ఒక కంబళి, ఒక మగ్గు. ఎడమ బూటు అడుగున చిల్లి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నాతో పాటు ఫౌజులో చేరినవాళ్లు అప్పటికే యుద్ధానికి బస్రాకు ఓడెక్కారు. నన్ను ఒక్కడినే నాందేడుకు పంపారు. ఎందుకో కాగితంలో రాయలేదు.

క్యాంపులో హవల్దారు నిజామాబాద్ వైపు మనిషి. కాగితం చూశాడు. నా బూట్లు చూశాడు.

"కప్తాన్ సాబ్ బంగ్లా నదికాడ ఉన్నది. సాబ్ తల్లి ఒక్కతే ఉంటది. ఆరు కుక్కలుంటయ్. సాబ్ నెల దినాలకు సెలవు మీద వస్తడు. ఆరింటికి ఆరు చూపిస్తే బస్రాకు పోయే జట్టుల నీ పేరు రాస్తడు. ఒక్కటి తగ్గిందనుకో, నువ్వు ఇక్కడ్నే."

కుక్కలు కాయడానికా నేను ఫౌజులో చేరింది అని అడిగాను. తను దేనికి చేరాడో తనకే యాది లేదన్నాడు. నడవమన్నాడు.

బంగ్లా అక్కడికి రెండు మైళ్లు. గోదావరి ఎర్రగా, ఒడ్డు నిండా పారుతోంది. పెంకుల ఇల్లు, చుట్టూ వరండా. వరండాలో క్యాంపుకు కలిపిన ఒక టెలిఫోను. పిడి తిప్పితే అవతల సిపాయి ఎత్తుతాడు. వెనక పాత గుర్రాలశాల. ఆరు కుక్కలూ అందులోనే. నీళ్లకు ఒకటే తొట్టి, తిండికి ఒకటే పెద్ద పళ్లెం. అయిదు వేటకుక్కలు. వాటిలో సుల్తాన్ అనేది నేను వచ్చిన రోజే హైదరాబాదు నుంచి రైల్లో, గార్డు డబ్బాలో వచ్చింది. ఆరోది మోతీ. పదమూడేళ్ల ముసలి ఆడకుక్క. తిండికి మాత్రమే శాలకు వచ్చేది. మిగతా పొద్దంతా కప్తాను తల్లి మంచం కింద ఉండేది.

ఆ పెద్దావిడను అందరూ బేగం సాహెబా అనేవాళ్లు. ఆమెకు దక్కనీ ఉర్దూ తప్ప ఇంకో భాష రాదు. నన్ను బేటా అని పిలిచేది. భర్త పోయాక తనతో మాట్లాడే ప్రాణి మోతీ ఒక్కటేనని మొదటి రోజే చెప్పింది. నేను తలూపాను. నా మనసంతా బస్రాలో ఉంది.

అయిదున్నరకు శాల ఊడ్చాలి. ఆరింటికి నడక. పదకొండుకు తిండి. నాలుగింటికి మళ్లీ నడక. మధ్యలో పని లేదు. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నలభై రెండు అడుగులు. రోజుకు ఎన్నిసార్లు కొలిచానో లెక్కలేదు. దినానికోసారి టెలిఫోను పిడి తిప్పి, జట్టు సంగతి ఏమైనా తెలిసిందా అని అడిగేవాణ్ని. అవతల సిపాయికి ప్రాణం విసిగింది. నా గొంతు వినగానే లేదని పెట్టేసేవాడు.

ఆరో రోజు పొద్దున ఆరింటికి సుల్తాన్ దగ్గింది. గొంతులో ఎముక ఇరుక్కున్న దగ్గు. మెడ చాపి, పొట్ట లోపలికి లాగి, బొంగురుగా ఖళ్లుమని దగ్గి చివర తెల్లటి నురగ కక్కింది. మరుక్షణం తోకాడిస్తూ నడకకు పరుగెత్తింది. నోరు తెరిచి వేలితో వెతికాను. ఎముక లేదు. మెడకు తాడు కట్టి నడిపిస్తే ఇంకా ఎక్కువ దగ్గుతోంది.

మాది సగరోళి దగ్గర పల్లె. మా నాయనమ్మకు చుట్టుపక్కల ఒక పేరుంది. పిల్లలకు దగ్గు పట్టి తగ్గకపోతే కొండనాలుక జారిందని ఆమె దగ్గరికి తెచ్చేవాళ్లు. మిరియాలు, ఉప్పు, పొయ్యి బూడిద కలిపి నూరి, వేలికి అద్దుకుని, గొంతులోకి పోనిచ్చి కొండనాలుకను పైకి ఒక్క నొక్కు నొక్కేది. పిల్లవాడు ఏడ్చేవాడు. దగ్గు తగ్గేది. అది తనంతట తనే తగ్గేదేమో నాకు తెలియదు. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

సుల్తానుకు నొక్కాను. పనిలో పనిగా మిగతా అయిదింటికీ నొక్కాను. దగ్గు రాకముందే ఆపుదామని నా తెలివి. నెల రోజుల్లో ఆరు కుక్కలు నిక్షేపంగా చూపించాలి. ఒకటే గిన్నె, ఒకటే వేలు, ఒకటే గుడ్డ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. బేగం సాహెబా చూసి మురిసిపోయింది. కన్నపిల్లలకు కూడా ఇంత చెయ్యరని అంది.

నాలుగు రోజులకు ఇంకో రెండు దగ్గాయి. పిడి తిప్పాను. హవల్దారే ఎత్తాడు.

"ఎన్ని?"

"మూడు."

"మందు?"

"చేస్తున్న."

"సాబ్ పంతొమ్మిది దినాలల్ల వస్తడు."

"ఎరుకే."

నేను నొక్కుడు పెంచాను. రోజుకు మూడుసార్లు. ఇంకో వారానికి ఆరూ దగ్గుతున్నాయి. ఒకటి మొదలుపెడితే మిగతావి అందుకుంటాయి. బంగ్లా అంతా అదే చప్పుడు. వంటమనిషి నురగ చూసి ఇది పిచ్చి అని పనికి రావడం మానేశాడు. నాకు అన్నం సయించలేదు. జట్టు వెళ్లిపోతుంది, నేను ఈ వరండాలోనే ముసలివాణ్నయిపోతాను అనిపించింది. ఆ రోజుల్లో నాకు కుక్కల మీద జాలి లేదు. కోపం ఉండేది. దాచిపెట్టడం దేనికి?

మర్నాడు హవల్దారు గుర్రాల డాక్టర్ని పంపాడు. సలోత్రీ అనేవాళ్లం. నాయ్‌గావ్ అవతలి ఊరాయన, మా తెలుగే. మధ్యాహ్నం రెండింటికి తడిసి ముద్దయి వచ్చాడు. ఒక్కోదాని కళ్లు చూశాడు. ముక్కు చూశాడు. తింటున్నాయా అని అడిగాడు. తింటున్నాయన్నాను. పిచ్చి కాదు, కుక్కల్ని చంపే పెద్ద రోగమూ కాదు, ఇది అంటుకునే దగ్గు అన్నాడు. గట్టి కుక్కలకు రెండు మూడు వారాల్లో దానంతట అదే పోతుందట. ఆ మాట వినగానే నెత్తిన పాలు పోసినట్టయింది.

అప్పుడు నా మందు గిన్నె మీద అతని చూపు పడింది. చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను. సలోత్రీ సుల్తాన్ మూతి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి నోరు తెరిచాడు.

"సూడు. కుక్కకు కొండనాలుక ఉండదు. ఇన్ని దినాలు నువ్వు ఏం నొక్కినవ్?"

వంగి చూశాను. అంగిలి సాపుగా లోపలికి పోయింది. వేలాడేది ఏమీ లేదు. కానీ నా వేలికి ఏదో తగిలేది. రోజూ తగిలేది. ఇవాళ్టికీ ప్రమాణం చేసి చెప్పగలను.

"ఒకదాని ఉమ్మి తీస్కపోయి ఇంకోదాని గొంతుల పెట్టినవ్. గంతే నువ్వు చేసింది" అన్నాడు. కసరలేదు. మామూలుగానే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గట్టియి బతుకుతయ్. ముసల్దాని సంగతి నాకు భయం."

బేగం సాహెబా గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరు ఏమంటున్నాడు బేటా అని దక్కనీలో అడిగింది. కుక్కల్ని విడివిడిగా, వెచ్చగా ఉంచమన్నాడని చెప్పాను. అది అబద్ధం కాదు. సగం మాట. సలోత్రీకి దక్కనీ బాగా వచ్చు. నా ముఖం వంక చూశాడు. మిగతా సగం తను చెప్పలేదు, నాకే వదిలేశాడు.

ఆ సాయంత్రానికి ఆరు కుక్కలకు ఆరు చోట్లు. శాలలో ఒకటి, కట్టెల కొట్టంలో ఒకటి, బండి కొట్టంలో ఒకటి, స్నానాల గదిలో ఒకటి, వెనక వరండాలో ఒకటి. మోతీని సామాన్ల గదిలో ఉంచాను. తొట్టి బోర్లించేశాను. దేని గిన్నె దానికి. మెడతాళ్లు తీసి ఛాతీకి పట్టీలు కట్టాను. పరుగు లేదు. నీళ్లు గోరువెచ్చగా చేసి ఇచ్చాను. గది గదికీ మధ్య ఫినాయిలు నీళ్లలో మోచేతి దాకా కడుక్కోవాలి. అయిదున్నర, పదకొండు, నాలుగు, ఏడున్నర. చేతుల తోలు ఊడొచ్చింది. కడుగుతూనే ఉన్నాను.

వేటకుక్కలు ఒకటొకటే తేరుకున్నాయి. వారానికల్లా సుల్తాన్ పూర్తిగా మానింది. మోతీకి మాత్రం ఊపిరి వడిగా ఆడటం మొదలైంది. ఒళ్లు కాలింది. పాలు ముట్టలేదు. సలోత్రీ మళ్లీ వచ్చి ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నాడు. సూది వేశాడు. లేవబోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

బేగం సాహెబా గది బయట స్టూలు వేసుకుని పగలంతా కూర్చునేది. లోపలికి పోవద్దన్నాను కనుక పోలేదు. తలుపు ఇవతల నుంచే మోతీతో మాట్లాడేది. ఇంట్లో కూర గురించి, వాన గురించి, కొడుకు రాక గురించి. ఆ మాటలు వింటూ నేను వరండాలో తిరిగేవాణ్ని. నలభై రెండు అడుగులు అటు, నలభై రెండు ఇటు. ఆగి చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చెప్తే కొడుకుతో అంటుంది, నా పేరు కొట్టేస్తాడు. అంత మాత్రపు మనిషిని నేను.

కప్తాను రావడానికి రెండు రోజుల ముందు, పొద్దున ఏడు గంటల నలభై నిమిషాలకు మోతీ పోయింది. క్యాంపుకు చెప్పాను.

"అయిదు."

"సరే. పాతిపెట్టు" అన్నాడు హవల్దారు.

కప్తాను వచ్చాడు. అయిదింటినీ వరసగా నిలబెట్టాను. ఆయన నోరు విప్పేలోపే తల్లి ముందుకొచ్చింది. నా కుడిచెయ్యి రెండు చేతుల్లో పట్టుకుంది. తోలు లేచి పుండ్లుపడిన ఆ చెయ్యిని కళ్లకు అద్దుకుంది. సొంత మనవడు కూడా మోతీకి ఇంత సేవ చెయ్యడని కొడుకుతో చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. నోరూ విప్పలేదు. కప్తాను నా పేరు రాసుకున్నాడు.

బస్రా చూశాను. ఎండా, ఇసుకా, ఓడల నుంచి దించే పెట్టెలూ చూశాను. నా మీద ఎవరూ కాల్చలేదు, నేనూ ఎవరినీ కాల్చలేదు. రెండేళ్ల మీద మూడు నెలలకు ఇంటి దారి పట్టాను. మన్మాడ్ నుంచి వచ్చే బండి నాందేడులో ఇరవై నిమిషాలు ఆగింది. దిగాను. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగాను. బంగ్లా రెండు మైళ్లే. ఆ మిగిలిన సగం మాట చెప్పి వచ్చేయొచ్చు. ఈల వేశారు. ఎక్కేశాను. బేగం సాహెబా తర్వాత ఎన్నాళ్లు బతికిందో నాకు తెలియదు.

మీరంతా యుద్ధంలో ఏం చూశావని అడుగుతారు. నేను చూసింది సామాన్ల గదిలో, మోతీ పోయిన పొద్దున, ఏడు గంటలకు. కడిగిన చేతులతో పాల గిన్నె పట్టుకుని లోపలికి పోయాను. అది తల ఎత్తలేకపోయింది. కళ్లు మాత్రం నా వైపు తిప్పి గుర్తుపట్టింది. నా చెయ్యి ఎందుకొస్తుందో దానికి తెలుసనుకుంది. ఉన్న కాస్త ఊపిరీ బిగబట్టి, తనంతట తనే నోరు తెరిచింది. వేలు పెడతానని, నొక్కుతానని, నొప్పిస్తే నొప్పించనీ అన్నట్టు, అలాగే తెరిచి పెట్టుకుని ఉంది. వద్దు మోతీ, మూసుకో అని బతిమాలాను. మూయలేదు.