గుండెల మీద మూడు దెబ్బలు, ఒక గెంతు

కొలిచే పరికరాలు సరిగా కొలుస్తున్నాయో లేదో కొలవడం నా ఉద్యోగం. పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీలో ప్రెషర్ గేజీలకు, థర్మామీటర్లకు పరీక్ష పెట్టి, నెగ్గినవాటికి ఆకుపచ్చ స్టిక్కరు, తప్పినవాటికి ఎర్ర స్టిక్కరు అంటిస్తాను. భావనపాడు సముద్రం ఒడ్డున జరిగిన పాటల పండగకు మా మావ నన్ను వెంటపెట్టుకెళ్ళింది అందుకే. పాటలు వినిపించడానికి కాదు, ఒక ముసలి గాయకుడికి స్టిక్కరు అంటింపజేయడానికి.

మావకు ఆమదాలవలసలో బియ్యం కొట్టు ఉంది, దాని వెనక వాటాలోనే ఇల్లు. పగలు బియ్యం అమ్ముతాడు. ఊళ్ళలో అమ్మవారి సంబరాలు మొదలైతే సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో పాడతాడు. అన్నీ ఆ గాయకుడి పాటలే. పోస్టర్ల మీద మావ పేరు ఎన్నడూ పడలేదు. గాయకుడి పేరుకు ముందు 'జూనియర్' అని వేస్తారు, అంతే. ఇప్పుడు జూనియర్‌కు అరవై దాటాయి. సీనియర్‌కు ఎనభై దగ్గర పడ్డాయి.

ఆ పాటల్లో ఒకదానితోనే పేచీ. దాని సినిమా మా వైపు వారం కూడా ఆడలేదు. పాట మాత్రం ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా అందరికీ వచ్చు. అది మావ పుణ్యం. రెండో చరణం చివర ఒక పెద్ద 'ఆ' ఉంటుంది. పై పంచమం దాకా ఎక్కుతుంది, అక్కడ నిలబడుతుంది, దిగమన్నా దిగదు. మావకు అది ఏనాడూ అందలేదు. నేను పుట్టకముందు ఏదో ఊరి సంబరంలో, సరిగ్గా అక్కడికొచ్చేసరికి గొంతు పట్టేసి, ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడట. స్టేజీ పక్కన తమ వంతు కోసం కూర్చున్న తప్పెటగుళ్ళ వాళ్ళకు జాలేసింది. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెట్ల మీద మూడు దెబ్బలు వేసి, గాల్లోకి ఒక్క గెంతు గెంతారు. జనం ఈలలేశారు. మావ నోరు మూసుకుని పల్లవి అందుకున్నాడు.

ఆ రోజు నుంచి అదే అసలు పాటయిపోయింది. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, కాలేజీ బస్సుల్లో ఎవరు పాడినా అక్కడ పాట ఆగుతుంది. గుండెల మీద మూడు దెబ్బలు, ఒక గెంతు. నేను చదువుకోడానికి విజయవాడ వెళ్ళినప్పుడు హాస్టల్లో ఆ పాట వినిపిస్తే అలవాటుగా రొమ్ము బాదుకుని గెంతాను. నాకేదో అయిందనుకుని గదిలోని కుర్రాడు మంచినీళ్ళు తెచ్చాడు.

ఆ 'ఆ' విషయంలో మావకు ఒక సిద్ధాంతం ఉండేది. "మనిసి గొంతులో అంత మెట్టు నేదురా. స్టూడియోలో మిసనెట్టి సాగదీసినారు" అనేవాడు. ఆ సిద్ధాంతం మీదే ఇన్నేళ్ళూ హాయిగా పాడుకున్నాడు.

ఈ మధ్య ఆర్కెస్ట్రా వాళ్ళు ఆయనకు ఎసరు పెట్టారు. కీబోర్డు వాయించేవాడి కొడుక్కి గొంతుంది, ల్యాప్‌టాప్ ఉంది, అసలు పాటల ట్రాకులున్నాయి. రామతీర్థం జాతరలో ఈసారి వాడు పాడతాడని, మావ కుర్చీలో కూర్చుని దండ వేయించుకుంటే చాలని అన్నారు. దండ మాట వినగానే మావకు తిక్క రేగింది. సరిగ్గా అప్పుడే భావనపాడులో పండగని, అందులో సీనియర్ పాడతాడని ఊరంతా ఫ్లెక్సీలు వెలిశాయి. మావ కొట్లో బస్తా మీద కూర్చుని తీర్పు చెప్పాడు.

"ఒరే అల్లుడా, ఈ వయసులో ఆ మడిసి నా కళ్ళ ముందర ఆ మెట్టు అందుకున్నాడనుకో, నాను ఇన్నాళ్ళూ జనాన్ని దగా సేసినట్టే. మైకు దించేస్తాను. అందుకోనేదనుకో, కీబోర్డోడి కొడుకు కాదు, ఆడి తాత దిగొచ్చినా రామతీర్థంలో నానే పాడతాను. నువ్వు కొలిసి సెప్పాల."

"నువ్వు మైకు దించేస్తే కొట్లో ఎలకలు దిగులెట్టుకుంటాయి" అంది అత్త లోపల్నుంచి.

నేను పద్ధతిగా సిద్ధమయ్యాను. ఫోన్లో స్వరం కొలిచే యాప్ వేసుకుని, మావ శ్రుతిపెట్టెతో సరిచూసుకున్నాను. జాబితా రాసుకుని పవర్ బ్యాంకు, దోమల మందు, టోపీ, గొడుగు సర్దుకున్నాను. అత్త జాబితాలు రాయదు. కొట్లోని ప్లాస్టిక్ స్టూలు, పులిహోర డబ్బా తెచ్చింది. ముగ్గురం తెలిసినవాళ్ళ వ్యానులో వెళ్ళాం.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను డబ్బా చూసి, "బయటి తిండి లోనికి తేకూడదమ్మా" అన్నాడు.

"బయటి తిండేటి నాయనా, ఇంట్లోనే వండినాను. ఏ ఊరు మీది? టెక్కలా? తిన్నావా మరి? మొకం సూడు, ఎలగ పీక్కుపోయిందో."

అతను ఆకులో నాలుగు ముద్దలు తిని, స్టూలు తనే మోసుకొచ్చి వేసి వెళ్ళాడు. నా గొడుగు మాత్రం నిబంధనలకు విరుద్ధమని లాక్కున్నారు.

లోపల జనం ఇసుక కనిపించనంతగా ఉన్నారు. స్టేజీకి రెండు పక్కలా తాటిచెట్టంత తెరలు. ముందు వరుసలో పెద్దమనుషులకు సోఫాలు వేశారు. సోఫాల కాళ్ళు మెల్లగా ఇసుకలోకి దిగబడి, పెద్దమనుషుల మోకాళ్ళు గడ్డాల దాకా వచ్చాయి. అత్త తన స్టూలు మీంచి వాళ్ళను కిందికి చూసింది.

పెద్ద గాయకుడు అందరికన్నా చివర వస్తాడనుకున్నాను. ఈయన ఇంకా పొద్దుండగానే వచ్చేశాడు. పెందరాళే పడుకోకపోతే డాక్టరు ఊరుకోడట. కుర్రబ్యాండ్లన్నీ ఆయన తర్వాతే. తెల్లటి పట్టు జుబ్బా వేసుకుని, ఇద్దరు రెక్కలు పట్టుకుని నడిపిస్తుంటే వచ్చి ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. కనుబొమలకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

పాడటం మొదలుపెట్టాక నేను నవ్వడం మానేశాను. గొంతు అరిగింది, కానీ మాట ఎక్కడా జారలేదు. ఒక్కో పాట తర్వాత చాలాసేపు పాత కబుర్లు చెప్పాడు.

"ఊపిరి తీసుకుంటన్నాడు" అన్నాడు మావ. "నానూ అంతే. నానైతే ప్రెసిడెంటు గోరికి దండాలెడతాను."

నా యాప్ మొదటి అరగంటా స్టేజీ వెనకాల జనరేటరును నిక్కచ్చిగా కొలిచింది. జనరేటరు ఒకే స్వరం మీద నిలకడగా ఉంది. నేను ముందుకు జరిగి స్పీకరు వైపు పెట్టాక గాని దారికి రాలేదు.

చివరికి ఆ పాట మొదలైంది. జనం అరుపులకు సోఫాలు ఇంకో అంగుళం దిగాయి. మొదటి చరణం అయిపోయింది. రెండోది మొదలవగానే మావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేను ఫోను పైకెత్తాను. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు, అంకెలు సరిగానే వస్తున్నాయి. పై షడ్జం దాటాడు. మావ పెదాలు కదులుతున్నాయి. పోటీకొచ్చినవాడిలా లేడు. పిల్లవాణ్ణి సైకిలెక్కించి వెనకాల పరుగెత్తే తండ్రిలా ఉన్నాడు.

సరిగ్గా 'ఆ' దగ్గర గాయకుడు చిరునవ్వు నవ్వి, మైకు జనం వైపు తిప్పాడు. 'మీరు పాడండి' అన్నట్టు.

వేరే ఏ ఊళ్ళోనైనా జనం అరిచి ఆ ఖాళీ నింపేవాళ్ళు. మా జనం నోళ్ళు మూసుకున్నారు. సముద్రం ఒక్కటే వినిపించింది. తర్వాత ధప్, ధప్, ధప్. అన్ని వేల గుండెల మీద ఒకేసారి మూడు దెబ్బలు. ఒక్క గెంతు. ఇసుక అదిరింది. ముందు వరుస పెద్దమనుషులు కూడా గెంతబోయారు గాని, సోఫాలు వదల్లేదు.

బ్యాండు ఆగిపోయింది. గాయకుడు మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"ఇదేమిటి నాయనా? నా పాటలో ఇది ఎక్కడుంది?"

"ఉన్నాది! ఉన్నాది!" అని అరిచారు జనం.

"నేను పాడలేదే!"

"నీకు తెల్దు! ఉన్నాది!"

అంత పెద్దవాడు, నిలువునా ఊగిపోతూ నవ్వాడు. "అయితే నాకూ నేర్పండి" అంటూ కుర్చీ దిగి, పట్టు జుబ్బా మీద మూడుసార్లు చరుచుకున్నాడు. గెంతు మాత్రం మడమలు లేచేదాకానే వచ్చింది. ఆపాటికే ఇద్దరు పరుగెత్తుకొచ్చి రెక్కలు పట్టుకున్నారు. తర్వాత నేరుగా పల్లవిలోకి వెళ్ళిపోయాడు.

మావ నా వైపు తిరిగాడు. "సెప్పు. అందుకున్నాడా?"

"రీడింగు రాలేదు మావా."

"రాకపోడమేటి?"

"ఆయన పాడితే కదా కొలిచేది. ఆకుపచ్చా కాదు, ఎరుపూ కాదు. స్టిక్కరు లేదు."

"మరింకేటి, నెగ్గినావు గదా" అంది అత్త. "ఆ మడిసి కూడా నీలాగే ఎగ్గొట్టినాడు. సంబరపడు."

మావ సంబరపడలేదు. వ్యానెక్కి కూర్చున్నాక మెల్లగా అన్నాడు. "ఆ 'ఆ'కి ముందు లైనులో సూసావా? ఊపిరి దాసుకోనేదు. ఉన్నదంతా అక్కడే ఖర్సెట్టీసినాడు. అంటే ఈ రోజు పాడకూడదని ముందే అనుకున్నాడు. పాడదామనుకున్నోడైతే అక్కడ కూసింత దాస్తాడు." చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ, "నాను, ఆయన అందుకుంటాడనే వచ్చాన్రా" అన్నాడు.

"అందుకుంటే మైకు దించేస్తానన్నావు కదా మావా?"

"దించీసీవోణ్ణే. ఇని దించీసీవోణ్ణి."

ఆర్కెస్ట్రా వాళ్ళ గొడవ తనంతట తనే తేలిపోయింది. పండగ వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. సాక్షాత్తూ సీనియరే జుబ్బా చరుచుకుని గెంతాక, ఆ గెంతు లేని పాట రామతీర్థంలో చెల్లదు. కీబోర్డువాడి కొడుకు ట్రాకులో ఆ చోట ఖాళీ లేదు. అసలు పాట ఆగకుండా సాగిపోతుంది. ఖాళీ పెట్టి ఇమ్మని వాడు నన్నే అడిగాడు. నాకది చిటికెలో పని, చేసిస్తానని చెప్పబోయాను కూడా. అత్త అట్లకాడ చూపించింది. రామతీర్థంలో మావే పాడాడు, దండ లేకుండా.

అంతటితో ఆయన సిద్ధాంతం నిలబడిందనే అనుకున్నాను. తర్వాతి ఆదివారం పొద్దున్నే కొట్టుకు వెళితే తలుపు ఓరగా వేసి ఉంది. లోపల బియ్యం బస్తాల మధ్య నిలబడి మావ ఆ 'ఆ' పాడుతున్నాడు. బస్తాలు ప్రతిధ్వనిని మింగేస్తాయి కాబట్టి ఆ గది పాటకు మంచి గదే. పై షడ్జం దాటి ఇంకో రెండు మెట్లెక్కి, అక్కడ చీలిపోయింది గొంతు. దగ్గి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇప్పుడెందుకు మావా? ఎవడడిగాడు?"

"ఆయన ఒగ్గీసినాడు గదరా" అన్నాడు. "ఆ సోటు కాలీగా ఉన్నాది."

నేను జేబులోంచి ఫోను తీశాను.

"కొలవకు" అన్నాడు.

మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ అక్కడే తెగింది. తెగిన చోట, లోపల వంటింట్లో, అత్త గిన్నె మూత మీద మూడు దెబ్బలు వేసింది.