యాకమ్మ పేరు మీద నీళ్లు

మొగిలమ్మది మరిపెడ పక్క పల్లె. 1958 ఎండాకాలం తర్వాత ఆమె ఆ ఊరి మొహం చూడలేదు. ఆ ఏడు జ్వరంతో కాలిపోతున్న పదేళ్ల కూతురు యాకమ్మను బండిలో వేసుకొని వరంగల్ దవాఖానకు బయలుదేరింది. దారి పొడుగునా పిల్ల ఒకటే అడిగింది: "జరన్ని నీళ్లు పొయ్యవ్వా." జ్వరమున్నప్పుడు నీళ్లు తాగిస్తే ప్రాణానికే ముప్పని పెద్దలన్న మాట పట్టుకొని, మొగిలమ్మ తడిగుడ్డతో పెదవులు తుడిచిందే గానీ చుక్క పోయలేదు. ఖిలా వరంగల్ మలుపు దగ్గరికొచ్చాక పిల్ల అడగడం మానేసింది.

ఆ మలుపులోనే, వేపచెట్టు కింద ఇసుకలో రెండు కుండలు పెట్టి చలివేంద్రం మొదలుపెట్టింది మొగిలమ్మ. మిగతా కాలమంతా పత్తిమిల్లులో కూలి, ఎండాకాలం మాత్రం నీళ్లే. మార్కెట్టుకు పోయే బండ్లవాళ్లు దోసిలి పట్టి తాగి, మూతి తుడుచుకొని ఆనవాయితీగా అడిగేవారు.

"ఎవల పేరు మీద పోస్తానవ్, అవ్వా?"

"నా బిడ్డ యాకమ్మ పేరు మీద, నాయినా."

"యాకమ్మ ఆత్మ సల్లగుండాలె."

ఆ పేరు ఇంకొకరి నోట వినడానికే ఆమె బతికింది. రోజుకు నూరుసార్లు విన్నా తనివి తీరేది కాదు.

నాలుగో ఏట ఒక బీడీ కంపెనీకి ఉన్నట్టుండి పుణ్యం మీద మోజు పుట్టింది. దాని ఏజెంటు, కిరాణా దుకాణం సాంబయ్య వచ్చాడు.

"రేకుల పందిరి ఏపిస్తం, పెద్ద కుండలు పెట్టిస్తం. నువ్వు పోస్తే సాలవ్వా."

"మరి నా బిడ్డ పేరు?"

"బోర్డు మీద రాపిస్త. ఫికర్ జెయ్యకు."

మాట తప్పలేదు, పాపం! ఎర్రబోర్డు మీద బారెడు అక్షరాలతో కంపెనీ పేరు, పక్కన బీడీకట్ట బొమ్మ, అడుగున ఓ మూల చీమలు పాకినట్టు యాకమ్మ పేరు. మొగిలమ్మ చేత చెంబు పట్టించి ఫోటో కూడా తీశారు. అది కంపెనీ క్యాలెండరెక్కింది.

గ్లాసులొచ్చాయి, జనం రెట్టింపయ్యారు. తాగిన ప్రతివాడూ బోర్డు చూసి "కంపెనీవోల్లు సల్లగుండాలె" అని కదిలిపోయాడు. ఎవరి పేరు మీద అని ఇక అడగడమెందుకు? తానే చెప్పబోతే బీడీ ముట్టించుకుంటూ "ఆఁ, ఆఁ" అనేవారు. ఆ ఎండాకాలమంతా ఒక్క నోటా యాకమ్మ పేరు వినపడలేదు. బిడ్డ రెండోసారి పోయినట్టయి మొగిలమ్మకు అన్నం సయించలేదు.

మరుసటేడు తన పాత కుండలు రెండూ తీసుకొని, రోడ్డుకు అవతల నీడ లేని చోట కూర్చుంది. సాంబయ్య లబలబలాడాడు.

"నీకేం తక్కువ జేసినమవ్వా?"

"ఏం తక్కువ జెయ్యలె, సావుకారి. నన్ను ఎవలన్న అడగాలె, గంతే."

పందిట్లో ఇంకొకామెను పెట్టారు. జనమంతా నీడకే పోయారు. మూడు రోజులు మొగిలమ్మ కుండలు నిండినవి నిండినట్టే ఉన్నాయి.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, కేసముద్రం బండి దిగిన ఓ పడుచు, పందిట్లో తోపులాట చూసి రోడ్డు దాటి వచ్చింది. దోసిలి పట్టి తాగింది. ఇప్పుడు మూతి తుడుచుకుంటుంది, ఇప్పుడు అడుగుతుందని మొగిలమ్మ ఎదురుచూసింది. ఆ పిల్ల దోసిలి దించలేదు. తలెత్తి, "జరన్ని పొయ్యవ్వా" అంది.

మొగిలమ్మ పోసింది. దోసిలి నిండి, మోచేతుల మీదుగా కారి, కాళ్ల కింద మట్టి తడిసినా చెంబు వంచే ఉంచింది.

"తాగు బిడ్డా," అంది. "తాగు."