తుపాకీ ఊరికి గంట ప్రయాణం

మాణిక్యం గుండె ధైర్యం గురించి దుబాయ్ అవతలి ఖోర్ ఫక్కాన్ రేవులోని గోదావరి వాళ్ళెవరిని అడిగినా చెబుతారు. వరదలో మేకపిల్లని నెత్తిన పెట్టుకుని, మెడలోతు నీళ్ళలో లంక దాటిన మనిషి. మొగుడు పోయిన ఏడాదే దుబాయ్ విమానమెక్కి, ముక్కూమొహం తెలియని అరబ్బుల ఇంట పనికి కుదిరి, కొన్నాళ్ళకే ఆ వంటింటికి మకుటంలేని మహారాణి అయింది. అలాంటి మనిషికి 2003 వేసవిలో ఒక్క మాట అన్నం సయించకుండా చేసింది.

అక్కడ పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు. మన మేనమామకీ ఆవిడకీ ఏ చుట్టరికమూ లేదు. వేసవికి యూరప్ వెళ్తున్నామనీ, చంటిదాన్ని ఎత్తుకోవడానికి నువ్వూ రావాలనీ మామా చెప్పగానే మాణిక్యం సంబరపడి కొత్త చెప్పులు కొనుక్కుంది. మర్నాడు మామా ఫోనులో చెల్లెలితో అంటున్న మాటలు చెవిన పడ్డాయి: వియన్నా, తయ్యారా, సాఆ వాహిదా, అల్ బుందుఖియ్యా. తయ్యారా అంటే విమానం, సాఆ వాహిదా అంటే ఒక గంట. అంతవరకు బాగానే ఉంది. కానీ బుందుఖియ్యా అంటే తుపాకీ! టీవీలో పొద్దస్తమానం ఇరాక్ యుద్ధమే. ఆ మాట విని విని ఆమె చెవులు దిబ్బళ్ళు వేశాయి.

అనుమానం తీర్చుకుందామని పోర్టులో పనిచేసే అంజిబాబునడిగింది. రాజోలు కుర్రాడు, తనకి రాని భాష లేదంటాడు.

"బుందుఖియ్యా అంటే బందూకే అక్కా! ఇమానంలో గంటసేపు తుపాకీ ఎక్కుపెడతారన్నమాట. నువ్వెళ్ళమాక!"

ఇంకేముంది? వెళ్తే ప్రాణం పోతుంది, వెళ్ళనంటే పని పోతుంది. పని పోతే ఊళ్ళో కూతురి నర్సు చదువు ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడు రోజులు కూరల్లో ఉప్పు మరిచి, చివరికి ఏడుస్తూ మామా ముందు నిలబడింది.

"మామా, అనా మాఫీ రూహ్. నేను రాను. తయ్యారాలో బందూక్! నాకు మౌత్, చావే!"

మామాకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సోఫాలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. అల్ బుందుఖియ్యా ఒక ఊరి పేరట. లోకం వెనిస్ అనే ఊరిని అరబ్బులు అలా పిలుస్తారట. వియన్నా నుంచి నాలుగువందల పైచిలుకు కిలోమీటర్లు, విమానంలో గంట. మాణిక్యం లెక్కలో అది రాజమండ్రి నుంచి హైదరాబాదు, రాత్రంతా రైల్లో పడుకుని వెళ్ళే దూరం. మామా తన కొడుకు పుస్తకం తెచ్చి అందులో ఆ ఊరి బొమ్మ చూపించింది. వీధుల నిండా నీళ్ళు, గుమ్మాల ముందు పడవలు.

"ఓరి దేవుడో, మా లంకకి వరదొచ్చినట్టుందే!" అంది మాణిక్యం తెలుగులోనే. బతుకు జీవుడా అనుకుంది. ఆ మధ్యాహ్నం మూడు రోజుల ఆకలినీ కలిపి తిన్నది.

ఆగస్టులో తిరిగొచ్చాక అంజిబాబు ఎదురై, "ఆ గంటసేపూ ఎలా ఉన్నావక్కా?" అన్నాడు.

మాణిక్యం వాడి చేతిలో చాక్లెట్లు పోసి, వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఆ గంటా కిటికీలోంచి మంచుకొండలు చూశాన్రా. ఇక్కడ మూడు రోజులు నన్ను సంపింది మాత్రం నీ అరబ్బీ!"