తడి చేతులు

ఈ ఉదయం వంటింటి కుళాయి కింద చేయి పెట్టగానే చల్లదనం మణికట్టు దాకా పాకింది. దానితో పాటే ఎక్కడినుంచో పుదీనా వాసన వచ్చినట్టనిపించింది. ఊటవాగు గట్టున అడవి పుదీనా ఒత్తుగా పెరిగేది. రామ్మోహన్ అంకుల్ దాన్ని తొక్కుకుంటూ నీళ్లలోకి దిగేవారు.

ఆయన లండన్‌లో సర్జన్‌గా చేసి రిటైరయ్యారు. ఇంగ్లండు లండన్ కాదు, కెనడాలోని మా ఒంటారియో లండన్. చిన్న కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి ఈగలా తయారుచేసి, దాన్ని నీటి మీద వాలేలా విసిరి ట్రౌట్ చేపను నమ్మించడం ఆయన సరదా. పట్టిన ప్రతి చేపనూ వదిలేసేవారు. “పులుసు కూడా పెట్టుకోనప్పుడు ఎందుకంకుల్ ఇంత కష్టం?” అంటే, “నీకు ఆకలి తప్ప ఇంకేం తెలీదోయ్” అని నవ్వేవారు.

సీడర్ చెట్టు వేళ్ల కింద ఒక ముసలి ట్రౌట్ ఉండేది. మూడు వేసవులుగా ఆయనకు చిక్కలేదు. ఈలోగా ఆయన చేతులు వణకడం మొదలైంది. అవి పూర్తిగా మొరాయించేలోపు ఒక్కసారి దాన్ని పట్టుకోవాలని ఆంటీతో అంటుంటే విన్నాను.

ఆ జూన్ సాయంత్రం ఈగను దారానికి కట్టే ముడి కూడా నేనే వేసిచ్చాను. ఆయన మూడుసార్లు విసిరారు. మూడుసార్లూ ఈగ ఎక్కడో పడింది. గాలపు కడ్డీ నా చేతిలో పెట్టారు.

“నువ్వు వెయ్యి శ్రీనూ. నే చూస్తా.”

నీరు కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంది. నా ఈగ కలలోలా మెల్లగా వాలింది. నీటి మీద చిన్న వలయం లేచింది, చేప చిక్కింది. ఒడ్డుకు లాగి, ఫోన్ తడవకూడదని చేతులు చొక్కాకు తుడుచుకుని, ఒక చేత్తో చేపను ఎత్తి సెల్ఫీ తీసుకున్నాను.

“చేతులు తడుపుకో! పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురు ఊడొస్తుంది!” ఆయన అరవడం అదే మొదటిసారి.

రెండు వారాల తర్వాత చేప అక్కడే కనిపించింది. నా వేళ్లు పడ్డ చోట తెల్లటి బూజు.

“చచ్చిపోతుందా అంకుల్?”

“బతికే ఉందిగా. ఇంక దాన్ని కదిలించొద్దులే” అని కడ్డీ విప్పి సంచిలో పెట్టేశారు.

ఆ తర్వాత ఆయన దాని జోలికి పోలేదు. మరుసటి వేసవికి చెంచా పట్టుకోవడమే కష్టమైంది. పోయిన చలికాలం కన్నుమూశారు. ఒక్కనాడూ నన్ను ఎత్తిపొడవలేదు, అదే ఎక్కువ బాధగా ఉంటుంది.

ఇప్పటికీ వాగుకు వెళ్తాను. చేపను ముట్టుకునే ముందు వేళ్లు మొద్దుబారేదాకా చేతులు నీళ్లలో ఉంచుతాను. ఆ ఫోటో మాత్రం చెరపలేదు. అందులో నేను నవ్వుతున్నాను. వెనక అంకుల్ చేపకోసం రెండు చేతులూ చాచి వస్తున్నారు. ఆ చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.