చాచా ఓటు వేసిన గురువారం

మా క్రేన్ చాచా పోయాడని మొన్న ఉత్తరం వచ్చింది. ఇంగ్లండు నుంచి ఆయన భార్య ఉర్దూలో రాసింది. నాకు ఉర్దూ చదవడం రాదు. ఇక్కడ ఒమాన్‌లో, సమాయిల్ బజారులో దర్జీ దుకాణం నడిపే హైదరాబాదీ పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రెండు వాక్యాలు తనలో తాను చదువుకుని, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. నాకు అప్పుడే అర్థమైపోయింది. పొద్దున నమాజు చదువుకుని, చాయ్ కోసం ఎదురుచూస్తూ కుర్చీలోనే కన్నుమూశాడట. బాధ పడలేదట. అదొక్కటే ఊరట.

రాతకోతలు నా పని కాదు. క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేసే రిగ్గర్ని. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయందే నాకు అన్నం సయించేలా లేదు.

చాచాది బోధన్ దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలో ఇంగ్లండు వెళ్ళి, అక్కడొక ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు క్రేన్ నడిపాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడితే భార్యనూ కూతురినీ అక్కడే ఉంచి, కాంట్రాక్టు మీద మస్కట్ వచ్చాడు. అక్కడ అల్ ఖువైర్ పేటలో ప్రభుత్వ ఆఫీసులు కడుతున్న సైట్‌లో ఆయన పైన, నేను కింద. కొత్తలో ఒకసారి బరువు దించమనాల్సిన చోట ఎత్తమని సైగ చేశాను. ఇంకొకరైతే పై నుంచే నా ఏడు తరాలనూ తలుచుకునేవారు. చాచా క్రేన్ ఆపి, అన్ని మెట్లూ దిగివచ్చి, నా చెయ్యి పట్టుకుని సరిగ్గా తిప్పి చూపించి, మళ్ళీ అన్ని మెట్లూ ఎక్కాడు.

"చెయ్యి లేపేముందు ఒక్క దమ్ము తీస్కో బేటా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది.

చాయ్‌లో బిస్కట్టు ముంచి, అది విరిగి పడిపోయేలోపు నోట్లో వేసుకోవడం ఆయనకొక పందెం. ఎప్పుడూ ఓడిపోయేవాడు. బిస్కట్టును చెంచాతో ఏరుకుంటూ, "ఇంగ్లండోళ్ళు ఇరవై ఏండ్లల్ల నాకు నేర్పలేకపోయింది ఇదొక్కటే" అని నవ్వేవాడు.

ఆ ఏడాది, డెబ్బై తొమ్మిది మే నెలలో, ఇంగ్లండులో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఆ దేశంలో ఇల్లూ వాకిలీ ఉన్న మనవాళ్ళకు కూడా ఓటు ఉంటుందట. చాచా పని మీద బయటి దేశంలో ఉన్నాడు కాబట్టి, ఆయన బదులు భార్య వెయ్యవచ్చని ఆ ఊరి ఆఫీసు కాగితం ఇచ్చింది. ఎవరికి వెయ్యాలో ఆయన చెప్పాలి. చాచా ఎటూ తేల్చుకోలేక నాన్చుతూ వచ్చాడు. ఉత్తరం రాసి పంపే గడువు దాటిపోయింది. చివరికి, ఓట్లకు ముందు రోజు బుధవారం, డ్యూటీ అయ్యాక ఏడింటికి సైట్ ఆఫీసు నుంచి ఫోను చేసుకోమని ఇంజనీరు ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం రూమ్‌లో ఏడుగురం చుట్టూ కూర్చుంటే చాచా తన చిక్కు చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆయన ఓటు కార్మికుల పార్టీకే. ఫ్యాక్టరీ మూతపడింది కూడా ఆ పార్టీ రాజ్యంలోనే. ఆ కోపం ఆయనలో చల్లారలేదు. కానీ కూతురికి బోధన్ అబ్బాయితో సంబంధం కుదిరింది. బయటి దేశాల నుంచి వచ్చే పెళ్ళికొడుకులను రానివ్వకుండా కట్టడి చేస్తామని ఎదుటి పార్టీ చెబుతోంది.

"బిడ్డ దిక్కు సూస్తే ఒకటి, నా కడుపుమంట దిక్కు సూస్తే ఇంకొకటి" అన్నాడు.

కరీంనగర్ మేస్త్రి అందుకున్నాడు. "ఇందుల ఇచారమేముంది చాచా? ఆడపిల్ల సంగతి ముందుగాల సూడాలె."

"మరి కడుపు మీద కొట్టినోనికే మల్ల ఏస్తడా?" అన్నాడు ఇంకొకతను.

కాసేపట్లో రూమ్ బజారైపోయింది. చాచా చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. "మనూళ్ళె ఓట్లు పడ్డప్పుడు మీరంత ఈడనే ఉంటిరి గదా. ఇయ్యాల నా ఓటు మన ఎనిమిది మందిది. ఎటు ఎక్కువుంటే అటే చెప్త."

రెండు స్టీలు గ్లాసులు తెచ్చాడు. ఒకటి బిడ్డ గ్లాసు, ఒకటి కోపం గ్లాసు. మంచానికి అడ్డంగా దుప్పటి కట్టి, వాటిని దాని వెనక పెట్టాడు. మనిషికొక ఖర్జూరం గింజ ఇచ్చాడు. అప్పటిదాకా కేకలు వేసినవాళ్ళంతా ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయారు. మేస్త్రి అయితే చేతులు కడుక్కుని మరీ లోపలికి వెళ్ళాడు. నాకప్పటికి ఇరవై మూడేళ్ళు. నేను వేసిన మొదటి ఓటు అదే.

బిడ్డ గ్లాసులో ఏడు గింజలు. కోపం గ్లాసులో ఒక్కటి.

"ఈ ఒక్కటి నీదే చాచా" అని అందరూ ఆయన మీద పడ్డారు. సొంత బిడ్డ కన్నా కోపమే ఎక్కువైందా అని మేస్త్రి ఎత్తిపొడిచాడు.

చాచా నవ్వాడు. "చెప్పుకుంటే అది ఓటెట్లయితది? ముచ్చటయితది."

ఆ గింజ నాది. ఇరవై ఏళ్ళ కొలువు పోయిన మనిషి కోపానికి ఒక్క ఓటైనా పడకపోతే అన్యాయమనిపించింది. నా మూలంగా ఆయన మాట పడుతుంటే నోరు విప్పలేకపోయాను. ఆయన తన గింజ బిడ్డకే వేశాడని ఆ రూమ్‌లో తెలిసింది మా ఇద్దరికే.

ఫోను చేసి వచ్చి, "చెప్పిన. మొగుడు పెండ్లాల ఓట్లు ఒక్క దిక్కే" అన్నాడు తేలిగ్గా.

మేము గెలిపించాలనుకున్న కార్మికుల పార్టీ ఓడిపోయింది. శుక్రవారం రేడియోలో విని, ఆ ఊరి మొహం చూడని మేమంతా దిగాలుపడ్డాం. చాచా మాత్రం మటన్ వండాడు. ఓడినవాళ్ళకు ఆకలెక్కువని మా పళ్ళేల్లో రెండేసి సార్లు వడ్డించాడు.

కట్టడి వచ్చేలోపే ఆ బోధన్ అబ్బాయికి ఇంగ్లండు కాగితాలు దొరికాయి. కాంట్రాక్టు ముగించుకుని వెళ్ళి చాచా బిడ్డ నిఖా చేశాడు. జనాజా పాడెకు ముందు వైపు భుజం పట్టింది ఆ అల్లుడేనట. ఉత్తరంలో ఆ వాక్యాన్ని దర్జీ చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఏడుపొచ్చినా, మనసు నిండింది.

ఆయన్ని తలుచుకుంటే నాకు ఎప్పుడూ కనిపించేది ఓట్ల రోజే. ఆ గురువారం ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న నల్ల ఉన్ని కోటు తొడుక్కుని డ్యూటీకి వచ్చాడు. ఒమాన్ ఎండలో, మే నెలలో. సైటంతా నవ్వింది. సరిగ్గా పదింటికి క్రేన్ ఆపి కిందికి దిగాడు. మనకు పదైతే వాళ్ళకు ఏడు, ఓట్లు మొదలయ్యే వేళ. తలుపులు తియ్యగానే వెళ్ళి వేస్తానని భార్య మాటిచ్చింది.

నిజం చెప్పేసెయ్యాలని దగ్గరికి వెళ్ళాను. "చాచా, నిన్న ఆ గింజ..." అన్నాను.

"జెర ఆగు బేటా" అన్నాడు మెల్లగా. "ఓటేస్తున్న."

చెమటలు కారిపోతున్నా కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, వరసలో తన ముందు ఇంకో ఇద్దరు ఉన్నట్టుగా ఇసుకలో ఓపిగ్గా నిలబడి ఉన్నాడు.