వైద్యుడి ముక్కుగుడ్డ

మందు నూరే రాతి కల్వం ముందు ఇరవై ఆరేళ్ళుగా కూర్చోవడంతో ఆమెకు కల్వం వదిన అన్న పేరు స్థిరపడిపోయింది. పని నేర్పింది వైద్యుడైన మామగారే. ఆయన మాట ఒకటే: "మనిషంటే నడిచే నేలమ్మా. నరాలు పారే ఏళ్ళు, ఎముకలు కొండలు, ఊపిరి గాలి. అయితే నేల సంగతి తెలియాలంటే చెప్పులు విడిచి దిగాలి." అన్నట్టే ఏ పుండునైనా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాకే మందు చెప్పేవాడు.

ఆయన పోయాక కుర్చీ మరిదికి వచ్చింది. ఏళ్ళూ కొండలూ నోటికి వచ్చాయి గానీ ఆ చివరి మాట ఒంటబట్టలేదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న బాపతు. గోడకు నదులు గీసిన మనిషి బొమ్మ తగిలించాడు. రోగి వస్తే ముక్కుకు తెల్లగుడ్డ అడ్డం పెట్టుకుని, బొమ్మను చూస్తూ వైద్యం చేసేవాడు. చీమూ నెత్తురూ అంటే అంత రోత అయితే బట్టలకొట్టు పెట్టుకోవచ్చుగా అని ఆమె గొణుక్కుంటూ నూరేది.

ఆమె భర్త కాలికి పుండు లేచింది. సొంత అన్నే అయినా మరిది మోకాలి కిందికి చూపు దించలేదు.

"ఏరు ఎండింది వదినా. వానలు పడితే అదే నిండుతుంది. ఆకుముద్ద కట్టు."

రెండు నెలలు కట్టింది. రెండు వేళ్ళు నల్లబడ్డాయి. కట్టు విప్పితే చచ్చిన ఎలుక కంపు. ఆ ముద్ద నూరింది తన చేతులే కదా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

ఒక పొద్దున భర్తను నడిపించుకొచ్చి, ఆ కాలు మరిది బల్ల మీద పెట్టి కట్టు విప్పేసింది.

"ఇదిగో నీ ఏరు. దిగు."

అతను గుడ్డ నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తాడు. వాంతి చప్పుడు వినబడుతుండగానే ఆమె బండి పిలిచింది.

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారం ఆగితే మోకాలిదాకా పోయేదని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది.

ఇంటికొచ్చాక మరిది పరామర్శకు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. గుడ్డ ముక్కు మీదే ఉంది.

"ఎండుకొమ్మలు కొట్టేస్తేనే కదా వదినా చెట్టు బాగుపడేది!"

"కొమ్మలు కావయ్యా, మీ అన్న కాలివేళ్ళు. చిన్నప్పుడు వాటి మీద పాదాలు పెట్టి నువ్వు నడక నేర్చుకున్నావు. ఆ గుడ్డ తీసి, దగ్గరికొచ్చి చూడు."

అతను గుమ్మం దాటలేదు. ఆమె మళ్ళీ ఆ కల్వం ముట్టలేదు.