సున్నపు గీతకు అటూ ఇటూ

ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అని ముసలివాళ్లు అనుకుంటూ ఉంటారు. కాడు కూడా రమ్మనకపోతే ఏం చేయాలో ఏ సామెతా చెప్పలేదు. మా మార్తమ్మకు వచ్చిన కష్టం అదే. డిసెంబరులో ఒక శనివారం పొద్దున్నే నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ ప్రయాణం కట్టింది ఆ కష్టం వల్లే.

మార్తమ్మ రిటైరైన నర్సు. మా వీధిలోనే నాలుగిళ్ల అవతల ఉంటుంది. నేను గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే సోషల్ టీచరుగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లుగా మా ఇంటి ఆవకాయ వాళ్లింటికీ, వాళ్లింటి క్రిస్మస్ కేకు మా ఇంటికీ నడుస్తూనే ఉన్నాయి. ఆమె భర్త దేవదాసు గారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేశారు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి అన్నారు డాక్టర్లు. ఆ మాటకు అర్థం నర్సుకు వేరే చెప్పాలా?

ఆయన అడిగింది ఒక్కటే. ఇద్దరికీ పక్కపక్కన చోటు చూడమని. వాళ్ల పాత చర్చి సమాధుల తోట ఎప్పుడో నిండిపోయింది. ఇప్పుడు వెళ్తున్న మీర్‌పేట్ చర్చి కిరాయి రేకుల షెడ్డులో నడుస్తుంది. బతికినవాళ్లకే చోటు చాలదు అక్కడ. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక చిన్న చర్చిలన్నీ కలిసి కొత్తగా స్థలం సంపాదించాయని తెలిసింది. "టీచరమ్మా, జర తోడు రా. ఒక్కదాన్నే పోతే ఏడుస్తనేమో" అంది. మార్తమ్మ అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

ఏడున్నరకు మెట్రో స్టేషన్ కింద బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్లలా ఉందని నేను బండివాడితో తగువు పెట్టుకుంటే, "చావుకు జాగ చూసేందుకు పోతున్నం, చట్నీ కోసం కొట్లాడకు తల్లీ" అని మార్తమ్మ నవ్వింది. ఎక్కితే మూడో స్టేషన్ ఎల్బీనగర్. శనివారమైనా కోచింగ్ పిల్లలతో రైలు కిక్కిరిసి ఉంది. పెద్దవాళ్లం కదా అని ఒక అమ్మాయి లేచి సీటిచ్చింది. కిటికీలోంచి చూస్తే కొన్ని మేడల మీద కాగితపు నక్షత్రాలు వేలాడుతున్నాయి. చీకటి పడితే వెలుగుతాయి.

ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డు బస్సు కోసం అరగంట నిలబడ్డాం. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. వెళ్లదలిచినవాళ్లు కార్డు మర్చిపోకండి, కండక్టరు ఫోటో వంక కూడా చూసి మరీ ఇస్తాడు. వనస్థలిపురం దాటేసరికి కూర్చోవడానికి చోటు దొరికింది.

మా ముందు సీట్లో ఒక పెద్దాయన. మనవళ్లను సినిమా స్టూడియో చూపించడానికి తీసుకెళ్తున్నాడట. మాట తీరు మా కృష్ణా జిల్లాదే. మార్తమ్మ మెడలో సిలువ చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏమీ అనుకోకండమ్మా. పాలపొడీ, గోధుమలూ పంచి మనవాళ్లని అందులో కలిపేసుకున్నారు కదండీ ఆ దొరలు?"

నాకు చుర్రుమంది. నోరు తెరిచేలోపే మార్తమ్మ నా చెయ్యి నొక్కింది.

"మా నాయనమ్మకు పాలపొడి ఇయ్యలేదయ్యా. పలక ఇచ్చిన్రు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. మార్తమ్మ మాత్రం ఆపలేదు, నాతో చెబుతున్నట్టే చెప్పింది. నల్గొండ వైపు పల్లె వాళ్లది. నిజాం కాలం. నాయనమ్మ బడి గడప ఎక్కడానికి లేదు. మిషన్ తెల్లదొరసాని వాడలోకి వచ్చి, చెట్టు కింద కూర్చోబెట్టి, బైబిలు చదవడం కోసం అక్షరాలు నేర్పింది. "అక్షరాలు ఒచ్చినంక బైబిలొక్కటే సదువుతదా మనిషి? ఊరి దొర కాగితం సుత సదివింది. తాత పేరు మీద రాసిన అప్పు ఎన్నడో తీరిందని అండ్లనే ఉన్నదంట. మర్నాడు ఆమె ఎట్టికి పోలే. ఆమెను చూసి ఇంకా ముగ్గురు పోలే."

వెట్టి అంటే కూలి లేకుండా దొర ఇంట చేసే చాకిరీ. తెలంగాణ చరిత్రలో ఆ మాట చుట్టూ ఎంత రక్తం పారిందో పాతికేళ్లు పాఠం చెప్పినదాన్ని. క్రైస్తవ మిషనరీల గురించి మా పుస్తకంలో మూడే మాటలుండేవి: బడులు, ఆసుపత్రులు, అచ్చు యంత్రాలు. పిల్లలు గడగడా అప్పజెప్పేవారు. తెల్లదొరలందరూ దేవతలని నేను అనను. వాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లను సమానంగా కూర్చోబెట్టలేదు, రాజ్యమేలినవాళ్ల నీడలోనే తిరిగారు. కానీ ఆ చెట్టు కింద పలక పట్టుకున్న మనిషి తర్వాత ఏం చదవాలో దొరసాని చేతిలో లేకుండా పోయింది. చరిత్ర అక్కడే నడిచిందని నాకనిపిస్తుంది.

"మరి నీకు చదువులో రిజర్వేషన్?" అని అడిగాను.

"ఏడిది? మేము కిరస్తానమని కాగితం మీద నిజం రాసుకున్నం. కిరస్తానమైతే ఎస్సీ కాదన్నది సర్కారు. మా చిన్నాయన ఇంట్ల రెండు పేర్లు పెట్టుకున్నరు, బడికొకటి, గుడికొకటి. నేను వాళ్లను తప్పనను టీచరమ్మా. ఆకలి వాళ్లది."

అబ్దుల్లాపూర్‌మెట్‌లో దిగేసరికి పది. చాయ్ తాగి, షేర్ ఆటో ఎక్కి, మట్టి రోడ్డు దగ్గర దిగి నడిచాం. దారి తప్పే భయం లేదు, మలుపులో పెద్ద ఫ్లెక్సీ ఉంది. ఒక నాయకుడు చేతులు జోడించి ఉన్నాడు, పక్కన క్రిస్మస్ తాత. పోయిన డిసెంబరులో ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో సెమీ క్రిస్మస్ జరిగిందట. అసలు పండగకు ముందే నెలంతా జరుపుకునే ఈ సెమీ క్రిస్మస్‌లకు అన్ని పార్టీల వాళ్లూ వస్తారు. కేకు కోస్తారు, బిర్యానీ తింటారు, వాగ్దానం చేస్తారు. ఈయన మాట నిలబెట్టుకున్నాడు, స్థలం ఇప్పించాడు. ఎన్నికలు దగ్గరలో ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

స్థలం బాగుంది. చుట్టూ సీతాఫలం చెట్లు, గాలి. ఒక మూల ఇటుకలు పేర్చి ఉన్నాయి. యేసుపాదం గారనే సంఘపెద్ద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా, మర్యాదస్తుడు. మంచినీళ్లిచ్చాడు, దేవదాసు గారి జబ్బు సంగతి విని కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన కూడా చేశాడు. ఆ తర్వాత ఎంతో మామూలుగా అడిగాడు:

"మీది ఏ దిక్కమ్మా?"

అప్పుడు చూశాను. నేల మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకు సున్నంతో తెల్లగా గీత గీసి ఉంది. అటు మాలలకు, ఇటు మాదిగలకు.

మార్తమ్మ ఆ గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తర్వాత మెల్లగా అంది: "నాది అటు దిక్కు. మా ఆయనది ఇటు దిక్కు."

వాళ్ల పెళ్లి కథ నాకు తెలుసు. మిషన్ ఆసుపత్రికి చెయ్యి నలిగి వచ్చిన కుర్రవాడికి కట్టు కట్టిన నర్సు ఆమె. రెండు కుటుంబాలూ ఒకే దేవుణ్ణి మొక్కేవి. చర్చిలో బల్లారాధన నాడు ద్రాక్షరసం ఒకే గిన్నెలో తాగేవి. పిల్లనివ్వడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేవుడు అడ్డం రాలేదు, కులం వచ్చింది. పెళ్లికి పాస్టరు గారూ, ఇద్దరు నర్సులూ తప్ప ఎవరూ లేరు.

"అయితే ఆయనను ఇటు, మిమ్మల్ని అటు..." అంటూ యేసుపాదం గారు నసిగాడు.

నాకిక ఆగలేదు. "సిగ్గు లేదా అండీ? చచ్చాక కూడానా? ఏసుప్రభువు ఏ దిక్కు పడుకున్నాడో చెప్పండి!" అని గట్టిగానే అరిచాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "మేడం, మీ ఊళ్ల శ్మశానం అందరికీ ఒకటేనా?"

 ఒకటి కాదు. మా ఊళ్లో మావాళ్లది కాలవ గట్టున, మాల మాదిగలది చెరువు అవతల. ఇప్పటికీ అంతే.

"గీత గియ్యకుంటే రెండు దిక్కులోళ్లు చుట్టు గోడకు చందా ఇయ్యం అన్నరు" అన్నాడాయన, తల వంచుకుని. "గోడ లేవకుంటే నెల తిరగకముందే కబ్జా అయితది జాగ. నేనేం చెయ్యాల్నో చెప్పున్రి."

మార్తమ్మ లేచి గీత దాకా నడిచింది. చెప్పులు విడిచి, గీతకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడింది.

"అన్నా, సర్కారేమో కిరస్తానమైతే కులం లేదన్నది. నువ్వేమో ఉన్నదంటున్నవ్. మీరిద్దరూ ఎన్నడన్న మాట్లాడుకున్నరా?" వంగి కాళ్ల మధ్య గీతను చూపించింది. "నాకు అటొద్దు, ఇటొద్దు. గీ గీత మీదనే తవ్వున్రి. ఇద్దరికీ."

"గీత మీద తవ్వితే గీత ఉండదు గదమ్మా."

"ఉండదు."

 యేసుపాదం గారు ఇటుకల దగ్గరికి వెళ్లాడు. నాలుగు కర్ర మేకులు తెచ్చి, గీతకు అటు రెండు, ఇటు రెండు తనే వంగి దిగ్గొట్టాడు. గోడకు డబ్బులు ఎవరైనా వెనక్కి అడిగితే ఆ భారం తను పడతానన్నాడు. చర్చిల కమిటీ ఏమంటుందో నాకు తెలియదు. ఆ మేకులు ఆయన చేత్తో దిగాయి, అది మాత్రం చూశాను.

తిరుగు బస్సు ఒంటిగంటకు దొరికింది. ఎక్కడా భోజనం చేయలేదు, ఆకలి కూడా వేయలేదు. రెండు వేల ఏళ్ల కిందట ఎక్కడో మొదలైన మాట ఒకటి మా దేశానికి వచ్చి, పలకలిచ్చింది, మందులిచ్చింది, కొందరిని నిటారుగా నిలబెట్టింది. మా దేశం దానికి తిరిగి ఇచ్చింది ఒక డబ్బా సున్నం. అలా అనుకుంటూ కూర్చున్నాను. హయత్‌నగర్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగింది. దేవదాసు గారి ఫోన్. మార్తమ్మ స్పీకరు పెట్టింది.

"దొరికిందా?"

"దొరికింది. నడిమధ్యల. నీ పక్క మీవోళ్లు, నా పక్క మావోళ్లు."

అటునుంచి దగ్గు, ఆ దగ్గులోనే నవ్వు.

"పెండ్లినాడు ఒక్కడు సుత రాలే గదనే. ఇగ రెండు దిక్కులోళ్లు వచ్చి కూసుంటరన్నమాట."

మార్తమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా నేను ఆమె చెయ్యి వదల్లేదు.